ఒక్క అబద్ధం, మిగతాదంతా నిజం: గ్యారీ లార్సన్ కార్టూన్ల రోజులు

1980లలో అమెరికాలో ఏ విశ్వవిద్యాలయంలోనైనా జీవశాస్త్ర విభాగం కారిడార్‌లో నడిచినవాళ్లకి ఆ తలుపులు గుర్తుండే ఉంటాయి. ప్రొఫెసర్ పేరున్న పలక కింద, నోటీసు బోర్డు మూలన, ల్యాబ్ ఫ్రిజ్ మీద, పేపర్లోంచి కత్తిరించి అంటించిన బొమ్మలు. నిలువుగా ఒకే ఒక్క గడి, దాని కింద ఒకటో రెండో వాక్యాలు. అంచులు పసుపెక్కి, టేపు గోధుమరంగుకి తిరిగి ఉండేవి. మన ఊళ్ల నుంచి ఎం.ఎస్.కో పీహెచ్‌డీకో వెళ్లినవాళ్లలో ఎంతోమందికి ‘ది ఫార్ సైడ్’ మొదట కనబడింది ఆ తలుపుల మీదే. మొదటి రోజు ఏమీ అర్థం కాదు. ఆవు రెండు కాళ్ల మీద ఎందుకు నిలబడింది? పాములకి భోజనాల బల్ల ఏమిటి? పక్కన ఉన్న అమెరికన్ కుర్రాడు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతుంటాడు. నెల తిరిగేసరికి పొద్దున్నే పేపర్ విప్పి, హెడ్డింగుల కంటే ముందు ఆ గడి కోసం వెతుక్కోవడం అలవాటైపోతుంది.

ఆ గడి గీసిన గ్యారీ లార్సన్ 1950 ఆగస్టు 14న వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో పుట్టాడు. తండ్రి కార్లు అమ్మేవాడు, తల్లి సెక్రటరీ. అన్న డాన్ చీకట్లో నక్కి తమ్ముణ్ణి హడలగొట్టేవాడు. అదే అన్న తమ్ముణ్ణి వెంటేసుకుని కప్పల్నీ పాముల్నీ పట్టి తెచ్చి ఇంటి కింద గదిలో పెంచేవాడు. లార్సన్ బొమ్మల్లో మంచం కింద ఉండే భూతాలూ, పేరుపేరునా తెలిసిన పురుగులూ ఆ ఇంటి నుంచే వచ్చాయని ఆయన అభిమానులందరికీ తెలుసు. 1972లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో డిగ్రీ అయ్యాక సంగీత వాయిద్యాల దుకాణంలో పనిచేశాడు. 1976లో ఆ పని మీద విసుగొచ్చి రెండు రోజులు సెలవు పెట్టి, ఆరు కార్టూన్లు గీసి, సియాటెల్‌లో ప్రకృతి విషయాల పత్రిక ‘పసిఫిక్ సెర్చ్’కి పట్టుకెళ్లాడు. ఆరింటికీ కలిపి 90 డాలర్లు ఇచ్చారు. తర్వాత ‘సమ్నర్ న్యూస్ రివ్యూ’ అనే చిన్న వారపత్రిక ఒక్కో బొమ్మకి 3 డాలర్లు ఇచ్చింది. 1979లో ‘సియాటెల్ టైమ్స్’ వారానికొకటి చొప్పున ‘నేచర్స్ వే’ పేరుతో వేయడం మొదలుపెట్టింది. బొమ్మకి 15 డాలర్లు.

ఆ పేపర్లో ఆయనకి దొరికిన చోటు పిల్లల పదకేళి పక్కన. అక్కడే చిక్కొచ్చింది. పదకేళి కోసం పేపర్ తెరిచిన పిల్లల తల్లులు పక్క గడిలో ఏ మొసలో మనిషిని నమిలి మింగడం చూసి ఉత్తరాలు రాశారు. లార్సన్ తన కార్టూన్ల కట్ట తీసుకుని కారులో శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లి ‘క్రానికల్’ పత్రిక వాళ్లకి చూపించాడు. వాళ్లు తీసుకున్నారు, తమ సిండికేట్ ద్వారా ఇతర పేపర్లకీ పంపుతామన్నారు, పేరు మాత్రం ‘ది ఫార్ సైడ్’ అని మార్చారు. ఇంటికి చేరిన కొద్ది రోజులకే సియాటెల్ నుంచి ‘నేచర్స్ వే’ ఆపేస్తున్నామని ఉత్తరం వచ్చింది. 1980 జనవరి 1 నుంచి క్రానికల్‌లో రోజుకొక గడి. 1995 జనవరి 1 దాకా, సరిగ్గా పదిహేనేళ్లు. చివరికొచ్చేసరికి 1,900కి పైగా పేపర్లు, 17 భాషలు.

లార్సన్‌ని అందరూ ‘పిచ్చి ఊహలు చేసే మనిషి’ అంటారు. ఆ మాట పైపైన చూసి అనేది. ఏళ్ల తరబడి చదివినవాళ్లకి తెలిసేది ఇంకొకటి. ఆయన గడిలో అబద్ధం ఒక్కటే ఉంటుంది. మిగతాదంతా, అంటే సోఫా, దీపం, తలుపు గొళ్లెం, పాము పొలుసు, జింక కొమ్ముల కొసలు, అన్నీ ఉన్నది ఉన్నట్టు ఉంటాయి. ఉదాహరణకి జింకల కార్టూన్. ఒక జింక ఛాతీ మీద పుట్టుమచ్చ. అది వేటగాళ్లు గురి చూసుకునే వృత్తాల ఆకారంలో ఉంటుంది. పక్కనున్న జింక ‘పాపం, ఏం పుట్టుమచ్చరా నీది, హాల్!’ అన్న ధోరణిలో ఒక మాట అంటుంది. అంతే. పుట్టుమచ్చ తప్ప మిగిలినదంతా మామూలు అడవి, మామూలు జింకలు. ఇద్దరు దోస్తులు రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకున్నంత నిదానం. పుట్టుమచ్చని బట్టి జాతకం చెప్పే మనకి ఆ బొమ్మ అమెరికన్లకంటే ఒక పాలు ఎక్కువే అందుతుంది.

గడిని చదవడానికి ఒక వరస ఉంది. ముందు బొమ్మ చూడాలి, తర్వాత కాప్షన్, ఆ తర్వాత మళ్లీ బొమ్మ. నవ్వు పుట్టేది ఆ మూడో చూపులో. కాప్షన్ ముందే చదివితే సగం పోతుంది. ఇంకో సంగతి, లార్సన్ ప్రమాదం జరుగుతున్న క్షణాన్ని అరుదుగా గీస్తాడు. ఆయన గీసేది దానికి అర నిమిషం ముందో, అంతా అయిపోయి దుమ్ము సర్దుకున్నాకో. మిగిలినది మనం మనసులో గీసుకుంటాం. అందుకే ఆయన మనుషుల మొహాల్లో కదలిక దాదాపు ఉండదు. లావుపాటి శరీరాలు, తేనెతుట్టె లాంటి కొప్పులు పెట్టుకున్న ఆడవాళ్లు, కళ్లు కనబడకుండా తెల్లగా మెరిసే కళ్లద్దాలు. కళ్లు కనబడితే ఆ మనిషి భయపడుతున్నాడో నవ్వుతున్నాడో తెలిసిపోతుంది. కళ్లద్దాలు తెల్లగా వదిలేస్తే ఆ మనిషికి ఏమీ పట్టనట్టు ఉంటుంది. ఎదురుగా ఘోరం, మొహంలో ఏమీ లేదు. మన కార్టూన్లలో కళ్లు పెద్దవి చేసి, చెమట చుక్కలు వేసి ఆశ్చర్యం చూపిస్తాం. లార్సన్ అది తీసేశాడు.

కాప్షన్ తూకం ఎంత సున్నితమో తెలియాలంటే ‘డేటన్ డైలీ న్యూస్’లో 1981 ఆగస్టులో జరిగిన పొరపాటు చూడాలి. ఆ పేపర్లో ఫార్ సైడ్, డెన్నిస్ అనే అల్లరి పిల్లాడి కార్టూన్ ‘డెన్నిస్ ద మెనెస్’ పక్కపక్కనే వచ్చేవి. ఒకరోజు అచ్చులో రెండింటి కాప్షన్లూ తారుమారయ్యాయి. ఫార్ సైడ్‌లో పాముపిల్ల భోజనం దగ్గర ‘మళ్లీ చిట్టెలుకేనా!’ అని గునుస్తూ ఉండాలి. డెన్నిస్‌లో పిల్లాడు తనకి పీనట్ బటర్ శాండ్‌విచ్ చేసుకోవడం వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆకలితో చచ్చేవాణ్ణని చెప్పుకోవాలి. అచ్చులో పాముకి శాండ్‌విచ్ మాట, డెన్నిస్‌కి చిట్టెలుక మాట పడ్డాయి. అలాంటి తారుమారు ఆ పేపర్లోనే ఇంకోసారి కూడా జరిగింది. మారిన తర్వాతే రెండు కార్టూన్లూ ఇంకా బాగున్నాయని లార్సన్ స్వయంగా రాసుకున్నాడు. బాగా ఎందుకున్నాయంటే రెండింటి నేపథ్యమూ ఒకటే: అమెరికన్ వంటిల్లు, అమ్మ, గునిసే పిల్లాడు. లార్సన్ పాముల ఇంటిని అంత నిక్కచ్చిగా మనుషుల ఇల్లులా గీశాడు కాబట్టే పక్కింటి మాట అక్కడ అతికింది.

ఇక ‘ఆవు పనిముట్లు’. 1982 అక్టోబరు 28న వచ్చిన ఆ గడి గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. లార్సన్ పద్ధతి ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో దీనంత బాగా చూపించేది ఇంకొకటి లేదు. బల్ల వెనక రెండు కాళ్ల మీద ఒక ఆవు నిలబడి ఉంటుంది. వెనకాల కొట్టం. బల్ల మీద నాలుగు వస్తువులు. కింద కాప్షన్ రెండే మాటలు: ఆవు పనిముట్లు. నాలుగూ మొరటుగా, ఎందుకు పనికొస్తాయో తెలియకుండా ఉంటాయి. ఒకటి మాత్రం చూడగానే చేతి రంపంలా ఉంటుంది.

ఆ రోజు నుంచి పేపర్లకీ సిండికేట్‌కీ ఫోన్లు ఆగలేదు. ఇందులో జోకేంటి అని అందరి ప్రశ్న. ఒక పాఠకుడు దాన్ని రకరకాల శాస్త్రాల్లో డాక్టరేట్లున్న 40 మందికి పైగా చూపించాడట. ఎవరికీ తెలియలేదు, చివరికి తన ఆరేళ్ల పిల్లాడికి కూడా అంతుపట్టలేదని రాశాడు. లార్సన్ పత్రికలకి వివరణ పంపాల్సి వచ్చింది. మనిషిని మిగతా జంతువుల నుంచి వేరు చేసేది పనిముట్లు చేసుకోవడమే అని ఒకప్పుడు మానవశాస్త్రం చెప్పేది. ఆవు కూడా పనిముట్లు చేసుకుంటే ఎలా ఉంటాయి? ఆవు చేసినట్టే, అంటే ఏ పనికీ రానట్టు ఉంటాయి. అదీ ఆయన అనుకున్న జోకు. పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా ఆయనే చెప్పాడు. ఒకటి రంపంలా కనబడేసరికి పాఠకులు ‘ఇది రంపం అయితే మిగతా మూడూ ఏమిటి?’ అని పొడుపుకథ విప్పడం మొదలుపెట్టారు. నాలుగూ ఒకేలా అర్థం కాకుండా ఉండి ఉంటే ఆవు మొరటుతనం తెలిసేది. ఒకదానికి అర్థం ఇచ్చేసరికి మిగతావాటికీ అర్థం బాకీ పడ్డాడు.

కార్టూన్లు గీసే కుర్రాళ్లకి ఇంతకంటే పనికొచ్చే పాఠం లేదని నా నమ్మకం. అర్థం లేని బొమ్మ గీయాలంటే అందులో అర్థం లేనితనం కూడా ఒకే కొలతలో ఉండాలి. ఒక మూల పావలా అర్థం పెడితే పాఠకుడు మిగతా ముప్పావలా అడుగుతాడు.

అబద్ధం ఒక్కటే ఉండాలన్న నియమాన్ని దోమ కార్టూన్ ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. మగ దోమ సాయంత్రం ఇంటికొచ్చి, ఈ రోజంతా మలేరియా పంచిపెట్టి అలసిపోయానని భార్యతో చెప్పుకుంటాడు. ఉత్తరాలు వచ్చాయి: కుట్టేది ఆడ దోమే కదా, మగ దోమకి ఆ పని లేదు కదా అని. లార్సన్ తప్పు ఒప్పుకున్నాడు. కానీ దోమలకి ఇల్లుందని, బట్టలున్నాయని, అవి మాట్లాడుకుంటాయని ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదని కూడా గమనించాడు. ఆ ఉత్తరాలు రాసినవాళ్లు మూర్ఖులు కారు. దోమల కాపురం అనే మొదటి అబద్ధాన్ని వాళ్లు ఒప్పేసుకున్నారు, రెండోదాన్ని ఒప్పుకోలేదు, అంతే. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూసిన ఊరివాళ్లం మనం. దోమ విషయంలో ఆ పాఠకుల పట్టింపు మనకి బాగానే అర్థమవుతుంది.

శాస్త్రవేత్తలు లార్సన్‌ని తమవాడనుకోవడానికి కారణం ఈ లెక్కే. తప్పు చేస్తే పట్టుకుని అడిగారు, ఒప్పు చేస్తే తలుపుకి అంటించుకున్నారు. 1982లోనే వచ్చిన ఇంకో గడిలో గుహల కాలం మనుషులు పాఠం వింటుంటారు. గోడ మీద స్టెగోసారస్ అనే రాక్షసబల్లి తోక బొమ్మ. పాఠం చెప్పేవాడు తోక చివరి ముళ్లు చూపించి దాన్ని ‘థాగొమైజర్’ అంటారనీ, దివంగత థాగ్ సిమన్స్ గారి జ్ఞాపకార్థం ఆ పేరు వచ్చిందనీ చెబుతాడు. థాగ్ గారు ఎలా దివంగతులయ్యారో గడిలో ఎక్కడా లేదు, తోక చూసి మనం ఊహించుకోవాలి. నిజానికి ఆ నాలుగు ముళ్ల అమరికకి శాస్త్రంలో అప్పటికి పేరు లేదు. 1993లో కెన్ కార్పెంటర్ అనే శిలాజ శాస్త్రవేత్త ఒక సమావేశంలో స్టెగోసారస్ గురించి మాట్లాడుతూ ఆ మాటే వాడాడు. తర్వాత అది పుస్తకాల్లోకీ మ్యూజియం పలకల మీదకీ ఎక్కింది. స్టెగోసారస్ దాదాపు 15 కోట్ల ఏళ్ల కిందటిది, మనిషి నిన్నగాక మొన్నటివాడు. ఇద్దర్నీ ఒకే గడిలో పెట్టిన కార్టూనిస్టులకి పాపం చెప్పుకునే చోటు ఒకటి ఉండాలని లార్సన్ రాశాడు. తన ఒక్క అబద్ధం ఏదో ఆయనకి ఎప్పుడూ తెలుసు.

1989లో డేల్ క్లేటన్ అనే శాస్త్రవేత్త గుడ్లగూబల ఈకల్లో బతికే ఒక కొత్త పేనుకి స్ట్రిజిఫిలస్ గ్యారీలార్సోని అని పేరు పెట్టాడు. లార్సన్ దాన్ని చాలా గొప్ప గౌరవంగా తీసుకున్నాడు. తన పేరు హంసకి పెడతామని ఎవరూ రారని ఆయనకి తెలుసు. పేనుని చిన్నచూపు చూడని మనిషికి పేను పేరే తగిన సన్మానం.

చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ సంగతి చాలామందికి తెలుసు కానీ సగమే చెబుతారు. 1987లో వచ్చిన గడిలో ఆడ చింపాంజీ మొగుడి ఒంట్లో పేలు ఏరుతూ, ఒక బంగారు రంగు వెంట్రుక దొరికితే పట్టుకుని, ఆ గుడాల్‌తో ఇంకా ‘పరిశోధనలు’ చేస్తున్నావా అని నిలదీస్తుంది. గుడాల్ పేరిట ఉన్న సంస్థ నుంచి లార్సన్ సిండికేట్‌కి గట్టి ఉత్తరం వెళ్లింది. గుడాల్ అప్పుడు ఆఫ్రికాలో ఉంది. ఆమె చూశాక మనసారా నవ్వుకుంది. ఆ కార్టూన్ ఉన్న చొక్కాలు అమ్మగా వచ్చిన లాభం ఆమె సంస్థకే వెళ్లింది. 1988లో లార్సన్ ఆమె పరిశోధన చేసిన టాంజానియాలోని గోంబే అడవికి వెళ్లినప్పుడు ఫ్రోడో అనే చింపాంజీ ఆయన మీద పడి ఒళ్లు కమిలేలా చేసింది. 1995లో ‘ఫార్ సైడ్ గ్యాలరీ 5’ అనే కార్టూన్ల సంపుటానికి ముందుమాట రాసింది గుడాలే. ఆ గడిలో కూడా చింపాంజీ పేలు ఏరే తీరు, వేళ్లు పెట్టే పద్ధతి, కూర్చున్న భంగిమ నిజమైనవే. అందుకే జీవితమంతా చింపాంజీలతో గడిపిన మనిషికి నవ్వొచ్చింది.

ఆ రోజుల్లో ఒక కార్టూనిస్టుని వెంబడించడం అంటే ఓపిక పని. దొరికేది రోజుకొకటే. పేపర్ తప్పిపోతే ఆ రోజు గడి పోయినట్టే, పుస్తకంలో వచ్చేదాకా ఆగాలి. మనవాళ్లకి ఈ ఓపిక కొత్త కాదు. వారపత్రికల్లో సీరియళ్లు వారం వారం చింపి, దారం వేసి కుట్టి, బైండు చేయించుకున్న ఇళ్ల నుంచి వెళ్లినవాళ్లే కదా. ఆ అలవాటే అక్కడ లార్సన్ గళ్లు కత్తిరించడానికి పనికొచ్చింది. 1988 అక్టోబరు నుంచి 1990 జనవరి దాకా 14 నెలలు లార్సన్ సెలవు తీసుకున్నప్పుడు, పాత కత్తిరింపులున్న దస్త్రాలు చేతులు మారాయి.

ఇప్పటికీ అటక మీదో పాత సూట్‌కేసులోనో ఆ ముక్కలు దాచుకున్నవాళ్లున్నారు. వాటికోసం నాలుగు మాటలు. న్యూస్‌ప్రింట్‌ని కలపని నూరి చేసిన గుజ్జుతో తయారు చేస్తారు. అందులో కలపకి గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. వెలుతురూ గాలీ తగిలితే అది పసుపెక్కుతుంది, కాగితంలో ఆమ్లం పెరుగుతుంది, పీచు విరిగి మడతల దగ్గర పొడి రాలుతుంది. సెల్లో టేపు అంతకంటే పెద్ద శత్రువు. దాని జిగురు ఏళ్లు గడిచేకొద్దీ కాగితంలోకి ఇంకి గోధుమ మచ్చ వేస్తుంది, పైన ప్లాస్టిక్ మాత్రం ఊడిపోతుంది. ఆ టేపుని లాగొద్దు, లాగితే సిరా కూడా దాంతోపాటే వస్తుంది. ఇప్పటికే ఊడినదాన్ని తీసేసి, అతుక్కుని ఉన్నదాన్ని అలాగే వదిలేయాలి. లామినేషన్ చేయించొద్దు, వేడికి కాగితం లోపలే మగ్గుతుంది, మళ్లీ తీయడం కుదరదు. మెత్తగా ఉండి వాసనొచ్చే పీవీసీ కవర్లు సిరాని పీల్చేస్తాయి, పాలిస్టర్ కవరు మంచిది. ఆమ్లం లేని తెల్ల కాగితం ఒకటి వెనక పెట్టి, ఒక్కో ముక్కని ఒక్కో కవర్లో ఉంచి, పెట్టెలో చీకట్లో బల్లపరుపుగా పెట్టాలి. కోస్తా ఊళ్లలో అయితే గోడకి ఆనించిన బీరువా వద్దు. వానాకాలం గోడ చెమ్మ నేరుగా కాగితానికి ఎక్కుతుంది, దాని వెంట పురుగూ వస్తుంది. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఆమ్లం లేని కాగితం మీద ఒక జిరాక్స్ తీసి పెట్టుకోవడం. అసలు ముక్క పోయినా బొమ్మ ఉంటుంది.

కత్తిరించేటప్పుడు అందరూ చేసిన తప్పు ఒకటుంది. అందంగా ఉండాలని గడి గీత వెంబడే కత్తిరించేశారు. పేపర్ తేదీ ఉండేది పేజీ నెత్తిన, అది చెత్తబుట్టలోకి పోయింది. పెన్సిల్‌తో అంచున తేదీ, పేపర్ పేరు రాసుకున్నవాళ్లు బహుకొద్దిమంది. డెస్క్ క్యాలెండర్ కాగితాలతో ఇంకో గందరగోళం. మన ఇళ్లలో తిథి వార నక్షత్రాలతో రోజూ చింపే క్యాలెండర్ ఉన్నట్టు, అక్కడ ఆఫీసు బల్లల మీద రోజుకో లార్సన్ గడి ఉన్న క్యాలెండర్ ఉండేది. ఆ కాగితం మీదున్నది క్యాలెండర్ తేదీ, కార్టూన్ మొదట అచ్చయిన తేదీకి దానితో సంబంధం లేదు. ఆ తేదీని నమ్మి ‘ఇది 1991ది’ అని వాదించుకున్నవాళ్లు చాలామంది.

పుస్తకాలు కొనాలనుకునేవాళ్లకి లెక్క ఇలా ఉంటుంది. 1982 నుంచి వచ్చిన చిన్న సంపుటాలు విడివిడిగా ఏరుకోవడం శ్రమ. మూడేసి చిన్న పుస్తకాలని కలిపి ఒక గ్యాలరీ చొప్పున అయిదు గ్యాలరీలు వచ్చాయి, అంటే పదిహేను పుస్తకాలు. పేపర్లో ఆపేశాక 1996లో వచ్చిన ‘లాస్ట్ చాప్టర్ అండ్ వర్స్’ ఏ గ్యాలరీలోనూ లేదు, విడిగా కొనాలి. 1989లో వచ్చిన ‘ది ప్రీహిస్టరీ ఆఫ్ ది ఫార్ సైడ్’ కూడా విడి పుస్తకమే. ఒక్కటే కొనగలిగితే అదే కొనమంటాను. అందులో లార్సన్ తన పాత స్కెచ్‌లు, వచ్చిన తిట్లు, అచ్చు తప్పులు, ఆవు పనిముట్ల కథ, దోమ కథ అన్నీ తనే చెప్పాడు. కార్టూనిస్టులు తమ జోకు ఎందుకు చెడిపోయిందో ఇంత వివరంగా చెప్పడం అరుదు. గ్యాలరీలన్నీ ఉన్నాయి కదా, మొత్తం వచ్చేసిందనుకోవద్దు. 2003లో రెండు పెద్ద సంపుటాలుగా వచ్చిన ‘ది కంప్లీట్ ఫార్ సైడ్’లో 4,300కి పైగా కార్టూన్లు వరసగా ఉన్నాయి, వాటిలో 1,100కి పైగా అంతకుముందు ఏ పుస్తకంలోనూ రాలేదు. బరువు దాదాపు 9 కిలోలు. అమెరికా నుంచి తెప్పించుకోవాలనుకునేవాళ్లు ఆ బరువు సంగతి ముందే చూసుకోవాలి, ఒక మనిషి సూట్‌కేసులో సగం దానికే పోతుంది. పాతది కొనేటప్పుడు అట్టపెట్టె మూలలూ, వెన్ను దగ్గర కుట్టూ చూడండి. ఆ బరువుని నిలబెట్టి ఉంచితే లోపలి పుటలు కిందికి వేలాడి బైండింగ్ తెగుతుంది. పడుకోబెట్టి ఉంచితే పోతుంది ఆ బాధ. 2014లో మూడు సంపుటాల పేపర్‌బ్యాక్ వచ్చింది, చదువుకోవడానికి అది హాయి.

తెలుగువాళ్లకి చూపించేటప్పుడు ఏది అందుతుంది, ఏది అందదు అన్నది కూడా తెలుసుకోవాలి. మన కార్టూన్‌కి ప్రాణం ఎక్కువగా సంభాషణలో ఉంటుంది: మొగుడూ పెళ్లాలూ, అత్తాకోడళ్లూ, ఆఫీసులో బాసూ. ఆ మాటల చమత్కారానికి అలవాటైన కంటికి లార్సన్ ముందు వెలితిగా అనిపిస్తాడు. కాప్షన్ లేని కార్టూన్లకి అలవాటుపడ్డ పాఠకులు మాత్రం తొందరగా దగ్గరవుతారు. మద్రాసులో జంతుశాస్త్రం పాఠాలు చెబుతూ మాటల్లేని కార్టూన్లు గీసిన జయదేవ్ గారిని ఇష్టపడ్డవాళ్లకి లార్సన్ పరాయివాడిలా అనిపించడు. అందనివి కూడా ఉన్నాయి. అమెరికన్ టీవీ నాటకాల మీద, కౌబాయ్ కథల మీద గీసినవి తెలుగులోకి రావు. అమెరికన్ రేడియో, టీవీ కౌబాయ్ కథల వీరుడు లోన్ రేంజర్ ముసలివాడై, జీవితాంతం తన తోడుగా ఉన్నవాడు తనని పిలిచిన ‘కీమోసాబీ’కి నిఘంటువులో అర్థం చూసుకునే కార్టూన్‌ని ఎంత వివరించినా లాభం లేదు. ఆ పిలుపు వింటూ పెరిగినవాళ్లకే అది అందుతుంది.

1995 జనవరి 1న వచ్చిన చివరి గడిలో లార్సన్ తననే గీసుకున్నాడు. తన భూతాల మధ్య నుంచి వీడ్కోలు తీసుకుని, ఇంట్లో మంచం మీద నిద్ర లేచి కల చెబుతుంటాడు, చుట్టూ ఉన్న కుటుంబం చూస్తే ఫార్ సైడ్ మనుషుల్లాగే ఉంటారు. ఆ తర్వాత చాలా ఏళ్లు గిటారు వాయించుకుంటూ గడిపాడు. 2019 డిసెంబరులో పాత కార్టూన్లు ఆయన సొంత ఏర్పాటులో ఇంటర్నెట్‌కి వచ్చాయి. అంతకుముందు తన బొమ్మలని ఇంటర్నెట్‌లో పెట్టొద్దని అభిమానుల్ని బతిమాలుతూ ఉత్తరం రాసిన మనిషే ఆయన. తన కార్టూన్లు తన పిల్లల్లాంటివని, రాత్రుళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో తెలియకపోతే బెంగగా ఉంటుందని అందులో రాశాడు. 2020 జులైలో కొత్త బొమ్మలు కూడా వచ్చాయి. ఏటా క్రిస్మస్ కార్డు గీసేటప్పుడు ఆయన పెన్ను పూడుకుపోయేది. ఆ విసుగులో డిజిటల్ ట్యాబ్లెట్ కొన్నాడు, దాని మీద చెయ్యి ఆడించడం మొదలుపెట్టాడు. పాత నలుపు గీతల గడికి అలవాటైన కళ్లకి ఆ మెత్తటి రంగులు కొత్తగా ఉంటాయి, జోకు పునాది మాత్రం పాతదే.

ఇంట్లో పిల్లలకో స్నేహితులకో పరిచయం చేయాలనుకుంటే వరస నేను ఇలా పెడతాను. ముందు ‘బోన్‌లెస్ చికెన్’ ఫారం: పొలంలో కోళ్లన్నీ ఎముకల్లేక తడిబట్టల్లా కింద పడి ఉంటాయి. బోన్‌లెస్ బిర్యానీ తినే ఊళ్లలో దీనికి వివరణ అక్కర్లేదు. తర్వాత ప్రతిభావంతుల బడి: ‘లాగండి’ అని రాసున్న తలుపుని బలమంతా పెట్టి నెడుతున్న కుర్రాడు. తర్వాత కుక్కకి మన మాటలు ఎలా వినబడతాయన్నది: యజమాని తిట్లన్నీ ఒకటే గోలగా, మధ్యలో తన పేరు మాత్రం స్పష్టంగా. ఆ తర్వాత ఆవులు: రెండు కాళ్ల మీద నిలబడి కబుర్లాడుకుంటున్న మంద, కారు వస్తోందని ఒకటి అరవగానే నాలుగు కాళ్ల మీదికి దిగి గడ్డి మేస్తుంది. జింక పుట్టుమచ్చ, థాగొమైజర్, దోమ. రోజుకి ఒకటే చూపించండి, ఒక్కసారి కట్టగా ఇవ్వొద్దు. ఆవు పనిముట్లు మాత్రం యాభై గళ్లు చూశాకే తీయండి. అప్పుడు రంపం గురించి అడగకుండా, ముందు ఆవు మొహం చూస్తారు.